గోల్‌లో షగ్ లేడు

నవంబర్ 4, మంగళవారం

ఇవాళ్టి నుంచి కార్వీ థిసిల్ ఫుట్‌బాల్ క్లబ్బు మేనేజర్ని నేనే. కాగితం మీద పెడితే నాకే నమ్మకం కుదురుతుందేమోనని రాస్తున్నాను.

పదహారేళ్ళప్పుడు బూట్లు సంకన పెట్టుకుని ఆ గేట్లోంచే లోపలికి వచ్చాను. మధ్యలో గ్లాస్గో పెద్ద క్లబ్బువాళ్ళు కొనుక్కెళ్ళి రెండేళ్ళు బెంచీ మీద కూర్చోబెట్టారు. తరవాత ఇంగ్లండులో ఎవరెవరో నా మోకాలు అరగదీశారు. తిరిగి తిరిగి మళ్ళీ ఇక్కడే పడ్డాను. ఇప్పుడు ఆడటానికి కాలు లేదు గానీ అరవడానికి నోరుందని పిలిచారు. పొద్దున ఉత్తరాలు పంచే ఉద్యోగం ఎలాగూ ఉంది.

క్లబ్బు ప్రెసిడెంటు మిసెస్ డ్రమ్మండ్ టీ ఇచ్చింది. ఊళ్ళో శవపేటికల దుకాణం ఆవిడదే. "లీగ్‌లో అట్టడుగున ఉన్నాం మర్డో. మే నెలకి కూడా అక్కడే ఉంటే లీగ్‌లోంచే గెంటేస్తారు. ఊళ్ళో సగం మందిని నా చేత్తో సాగనంపాను. ఈ క్లబ్బుని కూడా సాగనంపే ఓపిక నాకు లేదు నాయనా" అంది.

సాయంత్రం ప్రాక్టీసు. డ్రెస్సింగ్ రూమ్ తలుపు తీసేసరికి లోపల నవ్వు టక్కున ఆగిపోయింది. మొన్నటిదాకా ఆ నవ్వులో సగం నాదే. షగ్ లేచి నిలబడ్డాడు. మా కెప్టెను, మా గోల్‌కీపరు, మా ఆవిడ మోరాగ్‌కి స్వయానా అన్న. నా పెళ్ళికి ముందు నుంచే నన్ను "బావా" తప్ప ఇంకో పేరుతో పిలిచి ఎరగడు.

"గాఫర్ వచ్చారు. నోళ్ళు మూసుకుని కూర్చోండ్రా" అన్నాడు. మేనేజర్ని జట్టులో అలాగే అంటారు, గాఫరని.

అందరూ కూర్చున్నారు. అలవాటు కొద్దీ నేనూ కూర్చోబోయి ఆగాను.

ఇంటికొచ్చి చెబితే మోరాగ్ నవ్వింది. "మర్యాదిస్తే కూడా ఏడుపేనా నీకు? అన్నయ్య నీకు వెన్నుదన్నుగా నిలబడ్డాడు. సంతోషించు" అంది. నిజమే. సంతోషంగానే ఉంది.

నవంబర్ 8, శనివారం

గెలిచాం! 2-1. హాఫ్ టైమ్‌కే రెండు కొట్టేశాం. షగ్ మొదటి సగంలో కాలివేళ్ళతో ఆపిన బంతి ఒకటి ఉంది, దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తోంది.

ఆట అయ్యాక అవతలి మేనేజరు మన గదికి వచ్చి, ఓ గుక్క విస్కీ పుచ్చుకుని, ఇద్దరూ కలిసి రిఫరీని నాలుగు తిట్లు తిట్టుకోవాలి. అది ఆచారం. ఆ గదిలోకి అతిథిగా పోవడమే తెలియదు నాకు, ఇంక ఇంటాయన వేషం. వచ్చింది ముసలి డఫ్. ఈ పనిలో నెత్తి నెరిసినవాడు.

"ఆడేటప్పుడు తప్పు చేస్తే పదిమంది వచ్చి భుజం తట్టేవాళ్ళు కదూ? ఇక్కడ ఒప్పు చేసినా తట్టేవాడుండడబ్బాయ్" అన్నాడు.

"మాది చిన్న ఊరండీ. అందరూ నా వాళ్ళే" అన్నాను.

"అదే మరి నీ ఖర్మ" అని గ్లాసు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు.

గ్లాసులు రెండూ నేనే కడిగాను. పక్కన బార్‌లో కుర్రాళ్ళు పాడుతున్నారు. నేను వెళ్తే పాట ఆగిపోతుందని వెళ్ళలేదు.

నవంబర్ 15, శనివారం

ఓడాం. 3-1. గాలి.

నవంబర్ 22, శనివారం

ఓడాం. గాలి కాదు. డిఫెన్సులో ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. మొదటి సగం అంతా మనదే. రెండో సగంలో ఎక్కడో మైదానం మధ్య నుంచి తన్నిన బంతి షగ్ నెత్తి మీదుగా వెళ్ళి లోపల పడింది. తడి బంతి. ఎవరికైనా జరుగుతుంది.

నవంబర్ 29, శనివారం

మళ్ళీ ఓడాం. మళ్ళీ రెండో సగంలోనే. ఫిట్‌నెస్ లేదు వీళ్ళకి. మంగళవారం పరిగెత్తించి ప్రాణం తీస్తాను.

రాత్రి మోరాగ్ చేపల పులుసు పెడుతూ అంది, "అమ్మకి వారానికి మూడు రోజులు రక్తం శుద్ధి చేయించాలన్నారు. ఆసుపత్రి పక్క ఊళ్ళో. నాకు సాయంత్రం డ్యూటీ, మనకి బండీ లేదు. అన్నయ్యే తీసుకెళ్ళి తీసుకొస్తానన్నాడు, వాడి వ్యాన్లో."

"మంచిదేగా" అన్నాను.

"పాపం, పొద్దస్తమానం గోడలకి ప్లాస్టరింగు చేసి, నీ ఆటకొచ్చి, నీ మినీబస్సు కూడా వాడే నడిపి, మళ్ళీ ఇదీ. వాణ్ణి కాస్త మంచిగా చూడు మర్డో. మొన్న వాడి మీద అరిచావుట."

అరవలేదు. బంతి మీద కన్నుంచమన్నాను, అంతే.

డిసెంబర్ 2, మంగళవారం

ఇది ఎవరితోనూ చెప్పకూడదు. అయినా రాస్తాను. ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి కదా.

ప్రాక్టీసు అయ్యాక అందరూ వెళ్ళిపోయారు. బస్సు తాళాలు నా దగ్గర ఉన్నాయి. ఎప్పుడూ చేసినట్టే "పట్టుకో" అని షగ్ వైపు విసిరాను. ఇరవయ్యేళ్ళుగా గోల్‌లో నిలబడ్డ మనిషి. అవి వెళ్ళి వాడి రొమ్ముకి తగిలి కింద పడ్డాయి. వాడు వంగి కంకర మీద చేతులతో తడుముకుంటున్నాడు. తాళాలు వాడి బూటు పక్కనే మెరుస్తున్నాయి.

నవ్వబోయాను. అంతలో నవంబర్ నెల మొత్తం గిర్రున తిరిగింది నా తలలో. చలికాలం కదా, హాఫ్ టైమ్‌కల్లా లైట్లు వేస్తారు. మొదటి సగంలో పులి. లైట్లు వెలిగాక గోలు మీద గోలు.

"షగ్, నీకు కనబడటం లేదు కదూ?"

తాళాలు దొరికేదాకా వంగే ఉన్నాడు. లేచాక ఏడుస్తున్నాడని అర్థమైంది.

"నాన్నకొచ్చిందే. రేచీకటి. ఎడిన్‌బరోలో ఎవరికీ తెలియకుండా డాక్టరుకి చూపించుకున్నాను. పగలు బాగానే ఉంటుంది బావా. చీకటి పడితే చుట్టూ బొగ్గు పూసినట్టే. మధ్యలో చిన్న కంత."

వాళ్ళ నాన్న సంగతి ఊరందరికీ తెలుసు. పొద్దుగూకాక రేవు గట్టు మీద నడుస్తూ నడుస్తూ నీళ్ళలోకి నడిచిపోయాడు.

"మరి బండి?" అన్నాను.

"నడపొద్దన్నాడు. లైసెన్సు ఇచ్చెయ్యమన్నాడు. ఇచ్చేస్తే వ్యాను పోతుంది. వ్యాను లేకపోతే పని ఎక్కడ? సిమెంటు మూటలు నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరగనా? పాతికేళ్ళుగా తిరుగుతున్న దారులేగా, కళ్ళు మూసుకున్నా తెలుసు. చెప్పకు. మోరాగ్‌కి అసలు చెప్పకు. అమ్మకి తెలిస్తే ప్రాణం పోతుంది. ఒట్టెయ్యి."

వేశాను. ఏం చెయ్యమంటారు? షగ్ నా కాళ్ళ మీద పడేలా ఉన్నాడు.

షగ్ నన్ను ఇంటి దగ్గర దింపి వెళ్ళాడు. నేను ముందు సీట్లో కూర్చుని మలుపులు చూస్తూ వచ్చాను. ఏమీ కాలేదు.

డిసెంబర్ 11, గురువారం

షగ్‌తో చెప్పాను. శనివారం గోల్‌లో ఆర్చీ బ్లేన్ ఉంటాడు. ఆర్చీ ఫైరింజన్ మీద పనిచేస్తాడు, ఇరవై నాలుగేళ్ళు, చేతులు బారెడు, బుర్ర బెత్తెడు. అయినా బంతి కనబడుతుంది.

"ఎందుకని అడిగితే ఏం చెబుతావ్?" అన్నాడు షగ్.

"నా ఇష్టం అని చెబుతాను."

"నిన్ను తిడతారు."

"తిట్టనీ. నీ మాట బయటికి రాదు."

నా చెయ్యి పట్టుకుని ఊపాడు. మగాడిలా నిలబడ్డాననిపించింది. ఇంకెవరికి తెలుసు ఇది? నాకూ వాడికీ తప్ప.

డిసెంబర్ 13, శనివారం

ఒంటిగంటంపావుకి జట్టు చదివాను. "గోల్‌లో ఆర్చీ." ఆ తరవాత చదివిన పేర్లు ఎవరూ విన్నట్టు లేదు. ఆర్చీయే నమ్మలేక వెనక్కి చూశాడు, ఆర్చీ అనేవాడు ఇంకెవరైనా ఉన్నారేమోనని.

0-0. నవంబర్ 8 తరవాత మొదటి పాయింటు. మైకులో జట్టు పేర్లు చదివినప్పుడు షగ్ పేరు రాకపోయేసరికి స్టాండంతా గోల చేసింది. ఆట పొడుగునా షగ్ పాటే పాడారు. నా గురించి ఇంకో పాట కట్టారు. ప్రాస బాగానే కుదిరింది, ఇక్కడ రాయను.

ముసలాయన ఒకడు నా వెనకే రెయిలింగు మీద వాలి అరుస్తూనే ఉన్నాడు. "నీ పెళ్ళాం అన్నని కూర్చోబెట్టావు కదరా! ఏరు దాటి తెప్ప తగలేసే రకం!"

షగ్ బెంచీ మీద నా పక్కనే, గడ్డం రొమ్ముకి ఆనించుకుని కూర్చున్నాడు. ఒక్కసారైనా వెనక్కి తిరిగి "ఊరుకోవయ్యా" అంటాడేమో అనుకున్నాను.

డిసెంబర్ 16, మంగళవారం

ఊరి పేపర్లో వేశారు. "గాఫర్ నిర్ణయం. కారణం నాకూ చెప్పలేదు. జట్టు బాగుండాలి, అంతే" అన్నాట్ట షగ్.

కారణం నాకూ చెప్పలేదు.

వాడు మాత్రం ఏమనగలడు. ఏదో ఒకటి అనాలి కదా.

డిసెంబర్ 18, గురువారం

మామూలు మేనేజరు తప్పు చేస్తే మళ్ళీ శనివారం దాకా మొహం చాటెయ్యొచ్చు. పోస్ట్‌మ్యాన్ అయిన మేనేజరుకి ఆ వీలు లేదు. తెల్లారితే ప్రతి గుమ్మానికీ వెళ్ళాలి.

హార్బర్ వీధిలో మిసెస్ లూమిస్ ఏటా క్రిస్మస్‌కి నాకు బిస్కట్ల డబ్బా ఇస్తుంది. ఇవాళ తలుపు సందులోంచి చెయ్యి ఒక్కటే బయటికొచ్చి ఉత్తరాలు లాక్కుంది. "డబ్బా షగ్‌కిచ్చాను" అని లోపలి నుంచి గొంతు. మాంసం కొట్టు బెయిర్డ్ అయితే మొహమ్మీదే అడిగాడు. "మీ ఆవిడ నీకు తిండి పెడుతోందా ఇంకా? నేనైతే పెట్టను." కుక్కలు మాత్రం ఎప్పటిలాగే కరవడానికి వస్తున్నాయి. వాటి దగ్గర తేడా ఏమీ లేదు.

డిసెంబర్ 23, మంగళవారం

మోరాగ్ అడిగింది. మూడోసారి.

"కారణం చెప్పు. నాకు ఒక్కదానికి చెప్పు. ఎవరితోనూ అనను."

"ఆర్చీ మంచి ఫామ్‌లో ఉన్నాడు."

"ఆర్చీకి తన బూటు లేసు కట్టుకోవడం కూడా రాదని నువ్వే అన్నావు. అన్నయ్య అమ్మ దగ్గర కూర్చుని ఏడ్చాడు మర్డో. నా కళ్ళతో చూశాను. వాడు ఏడవడం నాన్న పోయినప్పుడే చూశాను."

చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. "ఇది ఆట. ఇంట్లోకి తేకు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. నాకే అసహ్యం వేసింది.

మోరాగ్ అమ్మ దగ్గరికి వెళ్ళింది. రెండు రోజులు ఉండి వస్తానంది.

డిసెంబర్ 25

చికెన్ వేయించుకున్నాను. సగం మిగిలింది.

డిసెంబర్ 29, సోమవారం

మోరాగ్ ఇంకా రాలేదు. అత్తయ్యకి ఒంట్లో బాగాలేదు కదా, అందుకని. రెండు రోజులంటే రెండే అని లెక్కపెట్టుకుని కూర్చుంటామా.

జనవరి 3, శనివారం

కొత్త సంవత్సరం. 1-1. ఎవరూ నా గడప తొక్కలేదు. అర్ధరాత్రి దాటాక మొదట వచ్చేవాడు నల్లటి జుట్టువాడై ఉండి, చేతిలో బొగ్గుముక్క పట్టుకొస్తే ఆ ఇంటికి ఏడాదంతా మంచిదంటారు. ఎప్పుడూ షగ్ వచ్చేవాడు. నా జుట్టూ నల్లదే కాబట్టి నేనే బయటికెళ్ళి, నా తలుపు నేనే కొట్టుకుని, లోపలికొచ్చాను. రాస్తుంటే నవ్వొస్తోంది. అప్పుడు రాలేదు.

జనవరి 17, శనివారం

బయటి ఊరి ఆట. గెలిచాం 1-0. ఆర్చీ ఆపిన బంతులు చూస్తే వాడి తల్లి కూడా గుర్తుపట్టదు. అట్టడుగు నుంచి ఒక మెట్టు పైకి వచ్చాం. ఇలాగే పోతే క్లబ్బు నిలబడుతుంది. నేను చేసింది సరైన పని.

తిరుగు ప్రయాణం చీకట్లో. బస్సు షగ్ నడిపాడు. బస్సు ఇన్సూరెన్సు కాగితంలో డ్రైవరుగా వాడి పేరే ఉంది, మార్చాలంటే మిసెస్ డ్రమ్మండ్‌తో చెప్పాలి. చెబితే ఎందుకని అడుగుతుంది. నేను ముందు సీట్లో కూర్చుని మెల్లగా చెబుతూ వచ్చాను. "ఎడమకి మలుపు... వంతెన వస్తోంది... ఎదుర లారీ, కొంచెం పక్కకి."

వెనక నుంచి ఎవడో అన్నాడు. "గాఫర్‌కి గోల్‌కీపింగే కాదురోయ్, డ్రైవింగు కూడా మనకన్నా బాగా తెలుసు!" బస్సంతా పగలబడి నవ్వింది. షగ్ కూడా నవ్వాడు.

ఊరి మొదట్లో ఒక గేటు స్తంభం రాసుకుంది. రంగు పోయింది, అంతే. ఎవరూ చూడలేదు.

మేమిద్దరం ఉంటే ఏం కాదు. వాడి చేతులు, నా కళ్ళు.

జనవరి 20, మంగళవారం

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ముందు సీట్లో అత్తయ్య ఉంటుంది. ఆవిడ కళ్ళు బాగానే ఉన్నాయి అనుకుంటాను.

జనవరి 31, శనివారం

అంతా అయిపోయింది. వరస తప్పకుండా రాస్తాను.

హాఫ్ టైమ్‌కి 0-0. లైట్లు వేశారు. రెండో సగం మొదలైన కాసేపటికి ఆర్చీ బంతి కోసం దూకి, స్తంభానికి చెయ్యి కొట్టుకుని పడిపోయాడు. వేలు విరిగింది. ఫిజియో చెయ్యి పైకెత్తి, పనికిరాడని సైగ చేశాడు.

స్టాండంతా ఒక్కసారిగా లేచింది. ఏడుస్తూ పాడుతున్నారు షగ్ పాట. వాళ్ళకి అది పండగ. నియమం ప్రకారం బెంచీ మీద గోల్‌కీపరు సిద్ధంగా ఉన్నాడు, పంపడమే తరువాయి. షగ్ కోటు విప్పాడు. గ్లవ్స్ తొడుక్కున్నాడు.

నా కేసి చూశాడు. ఆ చూపు చెప్పడం నాకు చేతకాదు. వెళ్ళనివ్వమని అడుగుతున్నాడో, ఆపమని అడుగుతున్నాడో ఇప్పటికీ తెలియదు.

"కూర్చో" అన్నాను.

"బావా, ఇంతమంది ముందు..."

"ఒక్కమాట చెప్పు షగ్. కాలు బెణికిందని చెప్పు. నడుం పట్టేసిందని చెప్పు. ఏదో ఒకటి చెప్పు, ఇద్దరం బతికిపోతాం."

చెప్పలేదు. గ్లవ్స్‌తో సహా అక్కడే నిలబడ్డాడు, ఊరంతా చూసేలా. నేను మా సెంటర్ ఫార్వర్డుని పిలిచి ఆర్చీ చొక్కా తొడిగి గోల్‌లోకి పంపాను. బెంచీ మీద గోల్‌కీపర్ని పెట్టుకుని, బంతి తన్నేవాణ్ణి గోల్‌లో నిలబెట్టిన మేనేజరు భూమ్మీద నేనొక్కడినే అయ్యుంటాను. మొదట ఒక్క నిమిషం ఎవరికీ అర్థం కాలేదు. తరవాత అర్థమైంది.

4-0. మాంసం కూరిన వేడి వేడి రొట్టె, 'మటన్ పై' ఒకటి వచ్చి నా మెడ మీద పగిలింది. మెడ కాలింది. దాంతో నాకు పని లేదు. మిసెస్ లూమిస్ ఉమ్మింది, అదే తగిలింది.

అవతలి మేనేజరు గదికి రాలేదు. మిసెస్ డ్రమ్మండ్ వచ్చింది.

"నీకు మతి పోయిందా, పగపట్టావా? రెండిట్లో ఏదో ఒకటి చెప్పు, అర్థం చేసుకుంటాను."

"రెండూ కాదండీ."

"మూడోది ఉంటే చెప్పు నాయనా. పీనుగుల్ని సాగనంపేదాన్ని, నా దగ్గర ఏ రహస్యమైనా భద్రంగానే ఉంటుంది."

నేను మెడ మీద అంటుకున్న కీమా తుడుచుకున్నాను. ఆవిడ నా భుజం తట్టి, క్లబ్బు తాళాలు తీసుకుంది.

ఫిబ్రవరి 3, మంగళవారం

కొత్త మేనేజరు షగ్.

ఫిబ్రవరి 6, శుక్రవారం

పేపర్లో వాడి ఫొటో. "ఇక నేను ఆడను. కుర్రాళ్ళకి దారివ్వడం పెద్దవాళ్ళ ధర్మం" అన్నాట్ట. ఎంత గొప్ప మనసని ఊరు ఊరంతా మురిసిపోయింది. నేను ఇదే పని చేస్తే మటన్ పై తగిలింది. కడుపుబ్బ నవ్వాను. వంటింట్లో ఒక్కణ్ణే నవ్వుతుంటే ఎలా ఉంటుందో ఇవాళ తెలిసింది.

సరేలే. గోల్‌లో లేడు కదా. అది చాలు.

ఫిబ్రవరి 10, మంగళవారం

మోరాగ్ ఫోను ఎత్తలేదు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

ఎత్తలేదు.

ఫిబ్రవరి 17, మంగళవారం

నిన్న సాయంత్రం రేవు రోడ్డు మీద షగ్ వ్యాను మలుపు తిరగలేదు. నేరుగా వెళ్ళి సముద్రపు గోడని కొట్టింది. గోడ గట్టిది కాబట్టి వ్యాను ఇవతలే ఉంది. షగ్‌కి నుదురు చిట్లింది. అత్తయ్యకి తుంటి ఎముక విరిగింది, పక్కటెముకలు రెండు. ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొస్తున్నాడు. ఆవిడ ముందు సీట్లో ఉంది. నిద్రపోయింది.

పోలీసులకి షగ్ అంతా చెప్పేశాడు. కళ్ళ సంగతి, డాక్టరు సంగతి, నా ఒట్టు సంగతి.

ఫిబ్రవరి 20, శుక్రవారం

పేపర్లో మొదటి పేజీ. "మర్డో గెడిస్ నా కోసం ఊరందరితో మాటలు పడ్డాడు. ఉద్యోగం పోగొట్టుకున్నాడు. నోరు విప్పలేదు. అలాంటి మనిషిని నేను చూడలేదు" అని షగ్ చెప్పింది చెప్పినట్టు వేశారు.

పొద్దున హార్బర్ వీధిలో మిసెస్ లూమిస్ గుమ్మంలోనే నిలబడి ఉంది. నా రెండు చేతులూ పట్టుకుని భోరుమంది. "పాపిష్టిదాన్ని నాయనా, నీ మీద ఉమ్మేశాను." మాంసం కొట్టు బెయిర్డ్ సాసేజీలు పొట్లం కట్టి సంచీలో కుక్కాడు. కరిచే కుక్కల యజమానులు కూడా బయటికొచ్చి టోపీలు తీశారు. మిసెస్ డ్రమ్మండ్ ఫోను చేసింది. "మూడోది ఇదన్నమాట! తాళాలు నీ కోసం ఎదురుచూస్తున్నాయి."

ఒళ్ళు తేలిపోతున్నట్టుంది. రెండు నెలల తరవాత మెడ నిటారుగా పెట్టుకుని నడిచాను. మోరాగ్ ఇప్పుడు వస్తుంది. ఇల్లంతా తుడిచాను. దుప్పట్లు మార్చాను. ఏం మాట్లాడాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. తను క్షమించమని అడిగితే, నువ్వేం తప్పు చెయ్యలేదు, నీకు తెలియదు కదా అంటాను.

ఫిబ్రవరి 22, ఆదివారం

వచ్చింది. కోటు విప్పలేదు.

"డిసెంబర్ నుంచీ తెలుసా నీకు?"

"మాటిచ్చాను మోరాగ్. నీతో చెప్పాలని ఎన్నిసార్లు..."

"అది అడగలేదు. తెలుసా, తెలియదా?"

"తెలుసు."

"వారానికి మూడుసార్లు మా అమ్మ ఆ వ్యానెక్కుతుందని తెలుసా?"

కుర్చీ తన వైపు జరిపాను, కూర్చోలేదు.

"గోల్‌లో నిలబెట్టనని కూడా అన్నయ్యకి మాటిచ్చావా?"

"లేదు. అది నా బాధ్యత కదా. వాడికి బంతి కనబడటం లేదు."

"అవును. బంతి కనబడకపోతే నీకు గోలు పడుతుంది. అందుకని ఆపావు. ఊరంతా అడ్డొచ్చినా ఆపావు. రోడ్డు కనబడకపోతే నీకేమీ పడదు. అందుకని ఊరుకున్నావు."

తను అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. ఇన్సూరెన్సు కాగితం గురించి చెప్పబోయాను. ఆ మాట పైకి అనబోతే ఎలా ఉందో వినిపించి ఆగిపోయాను.

"అన్నయ్యకి భయం. కళ్ళు పోతున్నాయి, బతుకు పోతోంది. వాడి మీద కోపం రావట్లేదు నాకు. నీకేం భయం మర్డో? నీ కళ్ళు బాగానే ఉన్నాయిగా?"

తన చలిబట్టలు, అమ్మ కోసం రెండు ఉన్ని శాలువాలు తీసుకుంది. నేను సంచీ పట్టుకుంటానన్నాను. వద్దంది. బస్టాపు దాకా వస్తానన్నాను. చీకటి పడిందన్నాను.

"నాకు కనబడుతుంది" అంది.

ఫిబ్రవరి 28, శనివారం

తిరిగి మేనేజర్ని. 2-0 గెలిచాం. చేతికి కట్టుతోనే వచ్చిన ఆర్చీ గోలు వెనక నిలబడి అరిచాడు. ఇప్పుడు అట్టడుగున మేం లేం, ఇంకెవరో ఉన్నారు.

ఆట మొదలవక ముందు నేను డ్రెస్సింగ్ రూమ్ నుంచి మైదానంలోకి వచ్చే సొరంగంలోంచి బయటికి రాగానే స్టాండంతా లేచి నిలబడింది. ఎన్నడూ లేచి ఎరగని ముసలాళ్ళు కూడా కర్ర ఊతంగా లేచారు. నా పేరు పెట్టి పాట కట్టారు, ఈసారి మంచిదే. కుర్రాళ్ళు వరసగా నిలబడి చప్పట్లు కొట్టారు. మిసెస్ డ్రమ్మండ్ నల్ల గ్లవ్స్ తోనే కళ్ళు తుడుచుకుంది. నన్ను చెయ్యి ఊపమని అందరూ కేకలు. ఊపాను. ఊపకపోతే ఇంకా గొప్పవాడనుకుంటారు.

నాలుగువందల మంది నా గురించి తప్పుగా పాడుతున్నారు. డిసెంబర్‌లో తప్పుగా పాడారు, ఇప్పుడూ అంతే. అప్పుడు పళ్ళు కొరుక్కుని నిలబడగలిగాను, నిజం నా వైపు ఉందనుకున్నాను కాబట్టి.

నేనేమిటో సరిగ్గా తెలిసిన మనిషి ఈ ఊళ్ళో ఒక్కతే ఉంది. ఆ టైముకి ఆసుపత్రిలో వాళ్ళమ్మకి చెంచాతో సూప్ పడుతోంది.